ఐదేళ్ల ఉత్తరాల తర్వాత కూడా తేలని మాట

1858 నవంబరు 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, హైరమ్ అనే చిన్న ఊళ్లో ఒక పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు జేమ్స్ గార్‌ఫీల్డ్ ఆ ఊరి విద్యాలయానికి ప్రిన్సిపాల్. ఇంకో వారం గడిస్తే అతనికి 27 నిండుతాయి. పెళ్లికూతురు లుక్రీషియా రుడాల్ఫ్ 26 ఏళ్ల స్కూలు టీచరు. ఇద్దరూ ఒకే చోట చదువుకున్నారు. తర్వాత చదువు కోసమే దూరమయ్యారు. ఐదేళ్లపాటు ఉత్తరాలు రాసుకున్నారు. పెద్దలు కుదిర్చిన సంబంధం కాదిది. ఎవరూ మెడలు వంచలేదు. అయినా పెళ్లి దగ్గరపడ్డాక లుక్రీషియా అతనికి ఒక ఉత్తరం రాసింది. దాని సారాంశం ఇది: నువ్వు నన్ను ప్రేమించి చేసుకోవడం లేదు, తప్పించుకోలేని విధి అనుకుని చేసుకుంటున్నావు, అలాంటి మనిషికి భార్యని కావడానికి నా మనసు ఇంకా పూర్తిగా లొంగడం లేదు.

ఈ జేమ్సే 1881లో అమెరికాకి 20వ అధ్యక్షుడయ్యాడు. ఇక్కడ మనకి పని అధ్యక్షుడితో కాదు, అప్పు చేసి చదువుకుంటున్న పాతికేళ్ల లోపు కుర్రాడితో. ఐదేళ్లు మనసు విప్పి రాసుకున్న ఇద్దరికి ఒకరి మనసు ఒకరికి ఎందుకు అంతుబట్టలేదు? మామూలుగా అందరూ దూరాన్నే తప్పుపడతారు. ఉత్తరాలే లేకపోతే ఆ మాత్రం బంధం కూడా మిగిలేది కాదంటారు. నాకైతే వ్యవహారం తిరగబడినట్టు కనిపిస్తుంది. వాళ్లని ఎక్కువ తిప్పలు పెట్టింది దూరం కాదు, ఉత్తరమే.

దీన్ని విప్పాలంటే ముందు తపాలా ఖర్చు దగ్గర మొదలుపెట్టాలి. 1845కి ముందు అమెరికాలో ఉత్తరం ధర దూరాన్ని బట్టి, కాగితాల లెక్కన ఉండేది. 400 మైళ్లు దాటితే ఒక్క కాగితానికి 25 సెంట్లు. రెండు కాగితాలైతే రెట్టింపు. కవరు వాడితే అది కూడా ఒక కాగితం కిందే లెక్క, అందుకే రాసిన కాగితాన్నే మడిచి, మైనం సీలు వేసి, దానిమీదే చిరునామా రాసేవాళ్లు. కాగితం నిండిపోతే దాన్ని పక్కకి తిప్పి, రాసిన వరసల మీద అడ్డంగా మళ్లీ రాసేవాళ్లు. చదివేవాడి కళ్లకి పరీక్షే. పైగా చాలాసార్లు డబ్బు కట్టాల్సింది అందుకునేవాళ్లు. 1849లో జేమ్స్ మొదటిసారి బడిపంతులుగా చేరినప్పుడు అతని జీతం నెలకి 12 డాలర్లు. పాత రేట్లయితే దూరం నుంచి వచ్చే ఒక్క ఉత్తరానికి సగం రోజు జీతం పోయేది.

1845లో, తర్వాత 1851లో వచ్చిన చట్టాలు ఈ లెక్కని మార్చేశాయి. 1851 జులై నుంచి ముందే స్టాంపు అంటిస్తే అర ఔన్సు ఉత్తరం 3,000 మైళ్ల దాకా 3 సెంట్లకే వెళ్లేది. సరిగ్గా అదే కాలంలో రైలు మార్గాలు తూర్పు తీరం నుంచి ఒహాయో వైపు వచ్చాయి. మన దేశంలో కూడా దూరంతో సంబంధం లేకుండా అర్ధణాకి ఉత్తరం అన్న పద్ధతి 1854 అక్టోబరులో వచ్చింది. అది జేమ్స్ పై చదువుకి తూర్పు వైపు బయల్దేరిన సంవత్సరమే. ఓ పదేళ్లు ముందు పుట్టి ఉంటే ఈ జంట మధ్య అన్ని ఉత్తరాలు నడిచేవే కావు.

చవక అయితే అయింది, చాటు మాత్రం లేదు. ఉత్తరం ఇంటికి రాదు. పట్టణాల్లో ఇంటికి తెచ్చి ఉచితంగా ఇవ్వడం 1863లో మొదలైంది, పల్లెలకి అది 1896 దాకా రాలేదు. పోస్టాఫీసుకి వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. హైరమ్ లాంటి ఊళ్లో ఎవరికి ఎక్కడి నుంచి ఉత్తరం వచ్చిందో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. ఇంట్లో వచ్చిన ఉత్తరాన్ని నలుగురిలో పైకి చదవడం అప్పటి అలవాటు. ప్రేమ ఉత్తరానికి మినహాయింపు ఉండేది గానీ, దాచుకుంటే అదీ ఒక వార్తే.

కాలేజీల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. మసాచుసెట్స్‌లో మేరీ లయన్ 1837లో ఆడపిల్లల కోసం స్థాపించిన మౌంట్ హోల్యోక్ సెమినరీలో వాలెంటైన్ చీటీలు పంపకూడదని నియమం. 1848 ఫిబ్రవరిలో అక్కడ చదువుతున్న ఎమిలీ డికిన్సన్ (తర్వాత గొప్ప కవయిత్రిగా పేరుపొందినావిడే) ఇంటికి రాసిన ఉత్తరంలో ఆ ముచ్చట చెప్పింది. మిస్ లయన్ హాల్లో లేచి నిలబడి ఆ పిచ్చి చీటీలు పంపకూడదని ప్రకటించిందట. కిందటి ఏడాది నుంచి ఉన్న అమ్మాయిలకి ఆమె సంగతి తెలుసు కాబట్టి, సెలవుల్లోనే రాసేసి బయట ఒకతని చేతిలో పెట్టేశారట. ఆ రోజు పొద్దున 150 దాకా చీటీలు బయటికి వెళ్లిపోయాయి. ఇంకో విచిత్రం, అదే సెమినరీలో 1847లో చదువు పూర్తిచేసిన ఎస్తర్ హౌలాండ్ వూస్టర్ పట్టణంలో లేసు అంటించిన వాలెంటైన్ కార్డులు తయారుచేయించి, దాన్ని పెద్ద వ్యాపారంగా నిలబెట్టింది.

జేమ్స్, లుక్రీషియా చదివిన చోట అంత కట్టడి లేదు. హైరమ్‌లోని వెస్టర్న్ రిజర్వ్ ఎక్లెక్టిక్ ఇన్‌స్టిట్యూట్ 1850లో మొదలైంది. డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ అనే క్రైస్తవ శాఖ దాన్ని స్థాపించింది. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే చదువుకునేవాళ్లు. లుక్రీషియా తండ్రి జెబ్ రుడాల్ఫ్ ఆ సంస్థ స్థాపకుల్లో ఒకడు. జేమ్స్ తండ్రి లేని పేద రైతు ఇంటి కుర్రాడు. 16 ఏళ్లకి కాలువ పడవ మీద పనిచేసినవాడు. ఇక్కడ మొదట్లో గదులు ఊడ్చి, గంట కొట్టి ఫీజు కట్టుకున్నాడు, తర్వాత అక్కడే పాఠాలు చెప్పే స్థాయికి వచ్చాడు. లుక్రీషియా అతని దగ్గర గ్రీకు నేర్చుకుంది. అంతకుముందు చెస్టర్ అనే ఊళ్లోని జియాగా సెమినరీలో కూడా ఇద్దరూ చదివారు గానీ అప్పట్లో ఒకర్నొకరు పెద్దగా పట్టించుకోలేదు.

1853 నవంబరు 16న నయాగరా జలపాతం చూడ్డానికి వెళ్లిన జేమ్స్ అక్కడి నుంచి లుక్రీషియాకి మొదటి ఉత్తరం రాశాడు. కలం మీ వైపు తిప్పే చనువు తీసుకున్నందుకు క్షమించమంటూ మొదలవుతుంది. మిగతాదంతా ప్రకృతి, దేవుడు. ప్రేమ ఊసు ఎక్కడా లేదు, అయినా పెళ్లికాని అమ్మాయికి పెళ్లికాని అబ్బాయి ఊరు దాటి వెళ్లి ఉత్తరం రాయడమంటే దాని అర్థం ఇద్దరికీ తెలుసు. ఆమె జవాబిచ్చింది. ఆ జవాబే ఒప్పుదల.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, మన పాఠకులకి అది వెంటనే తట్టకపోవచ్చు. ఆ కాలంలో మన దగ్గర చదువుకునే కుర్రాడికి అప్పటికే పెళ్లయిపోయేది. కందుకూరి వీరేశలింగం పెళ్లి 1861లో, అంటే గార్‌ఫీల్డ్ పెళ్లయిన మూడేళ్లకి, ఆయన పదమూడో ఏట జరిగింది. ఈ అమ్మాయి నాకు సరిపోతుందా అన్న ప్రశ్న ఆ కుర్రాళ్లకి ఎదురయ్యే పనే లేదు. అమెరికాలో ఆ భారం మొత్తం ఇద్దరి నెత్తినే ఉండేది. పెద్దలు వద్దనగలరు గానీ, వెతికి పెట్టరు. తప్పు జరిగితే నింద కూడా ఆ ఇద్దరిదే, అందులో ఎక్కువ వాటా అమ్మాయిది. విడాకులు దాదాపు లేనట్టే. పెళ్లయ్యాక ఆడదాని ఆస్తి, సంపాదన చాలా రాష్ట్రాల్లో మొగుడి చేతికి వెళ్లేవి. కాబట్టి పెళ్లికి ముందు దొరికిన కాలమే అమ్మాయికి అవతలివాణ్ణి పరీక్షించుకునే సమయం. ఆ పరీక్ష ఉత్తరాల్లోనే జరగాలి.

మళ్లీ ఆ ఉత్తరమే ప్రమాదం కూడా. పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి తప్పాడంటూ అమ్మాయి కోర్టుకి వెళ్లొచ్చు, నష్టపరిహారం అడగొచ్చు. అక్కడ చూపించే సాక్ష్యం అతను రాసిన ఉత్తరాలే. సంబంధం చెడిపోతే ఎవరి ఉత్తరాలు వాళ్లకి తిరిగిచ్చేయడం మర్యాదగా ఉండేది అందుకే. జేమ్స్‌కి దీని వేడి ముందే తగిలింది. లుక్రీషియాకి ముందు మేరీ హబెల్ అనే తోటి విద్యార్థినితో అతనికి సాన్నిహిత్యం ఉండేది. ఊరంతా పెళ్లి ఖాయమనుకున్నారు. అతను వెనక్కి తగ్గాడు. జనం నానా మాటలూ అన్నారు. ఆ దెబ్బ తర్వాత రాసే ప్రతి మాటా తూచి రాయడం అలవాటైతే ఆశ్చర్యం లేదు. డైరీలో మాత్రం దాపరికం లేదు. లుక్రీషియా తెలివి, స్వభావం తనకి నచ్చాయనీ, కానీ తనని లాక్కుపోయే ఉధృతమైన ప్రేమ మాత్రం లేదనీ 1853 చివర్లో రాసుకున్నాడు. అయినా 1854లో చదువుకి బయల్దేరేనాటికి ఇద్దరి మధ్యా పెళ్లి మాట కుదిరింది.

అతను ఎంచుకున్న కాలేజీ మసాచుసెట్స్‌లోని విలియమ్స్. హైరమ్‌కి దాదాపు 800 కిలోమీటర్లు. తన శాఖవాళ్లదే బెథనీ కాలేజీ ఉన్నా, అక్కడ బానిసత్వం పట్ల మెతకగా ఉంటారని వద్దనుకున్నాడు. యేల్, బ్రౌన్, విలియమ్స్ మూడింటికీ ఉత్తరాలు రాస్తే మూడింటి నుంచీ జవాబులొచ్చాయి. విలియమ్స్ అధ్యక్షుడు మార్క్ హాప్కిన్స్ మాత్రం వ్యవహారం అంతా రాసి చివర్లో ఒక వాక్యం చేర్చాడు: మీరు ఇక్కడికొస్తే మాకు చేతనైంది సంతోషంగా చేస్తాం. ఆ ఒక్క వాక్యం కోసమే జేమ్స్ విలియమ్స్‌కి వెళ్లాడు. దీన్ని అతని జీవిత చరిత్రకారులు మంచి ముచ్చటగా చెబుతారు. నాకు మాత్రం లుక్రీషియా కష్టం ఇక్కడే కనిపిస్తుంది. కాగితం మీద వెచ్చగా రాసినవాళ్లే మనసున్నవాళ్లు అని నమ్మే మనిషి ఇతను. ఆమె అలా రాయలేదు.

రుడాల్ఫ్ ఇంట్లో ప్రేమని పైకి చూపించే అలవాటు లేదు. ఆమె అలా పెరిగింది. ఉత్తరంలో చదువుల గురించి, ప్రార్థన గురించి, తను చదివిన పుస్తకం గురించి చక్కగా రాస్తుంది. నువ్వు లేక నాకెలా ఉందో అన్న దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. దీన్ని స్వభావం అని సరిపెట్టడం సగం నిజమే అనుకుంటాను. అమ్మాయి తన మనసంతా కాగితం మీద పెట్టేసి, రేపు అతను మేరీ విషయంలో చేసినట్టే వెనక్కి తగ్గితే? ఆ కథ హైరమ్‌లో అందరికీ తెలిసిందే. జాగ్రత్తగా ఉండటానికి ఆమెకి కారణం ఉంది. ఆ జాగ్రత్తని అతను చల్లదనం అనుకున్నాడు.

ఇద్దరి పరిస్థితీ సమానం కాదు కూడా. అతను బెర్క్‌షైర్ కొండల మధ్య కొత్త జీవితంలో ఉన్నాడు. చర్చలు, కాలేజీ పత్రిక సంపాదకత్వం, చలికాలం సెలవుల్లో పక్క ఊళ్లలో దస్తూరి పాఠాలు చెప్పి నాలుగు డబ్బులు సంపాదించడం. రాయడానికి రోజూ ఏదో ఒకటి ఉంటుంది. అసలే బోధకుడు, ఉపన్యాసకుడు, మాటల మనిషి. ఆమె ఒహాయోలో పిల్లలకి పాఠాలు చెబుతోంది. ఆమె దగ్గర చెప్పుకోదగ్గ వార్త ఒకటే, ఎదురుచూడటం. అదే రాయకూడదనుకుంది.

1855లో అతను సెలవులకి ఒహాయో వచ్చినప్పుడు ఇద్దరూ ఎదురుపడ్డారు. అది బాగా జరగలేదు. ఉత్తరాల్లో కాస్తోకూస్తో దగ్గరైన మనుషులు గదిలో ఒకరి ఎదుట ఒకరు బిగుసుకుపోయారు. తెగిపోతుందేమో అనుకున్న దశలో లుక్రీషియా ఒక పని చేసింది. తన డైరీ తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఎవరూ చదవరనుకుని రాసుకున్నది కాబట్టి అందులో అదుపు లేదు. అతని మీద ఎంత ప్రేమ ఉందో, ఎంత బాధపడిందో అంతా ఉంది. చదివి జేమ్స్ నిర్ఘాంతపోయాడు. రెండేళ్ల ఉత్తరాలు చేయలేని పని ఆ నోటు పుస్తకం ఒక్క పూటలో చేసింది. వందల ఏళ్ల కిందటి ప్రేమ ఉత్తరాలని మనం నిలువుటద్దంలా చూస్తాం, అవతలి మనిషి అందులో యథాతథంగా కనిపిస్తాడనుకుంటాం. ఈ జంట విషయంలో మనసు ఉన్నది పోస్టులో పడేయని కాగితాల్లో.

అంతటితో కథ సుఖాంతమైపోతే బాగుండేది. విలియమ్స్‌లో ఉన్న కాలంలోనే, సరిహద్దు దాటితే వచ్చే న్యూయార్క్ రాష్ట్రపు ఊరు పోయెస్టెన్‌కిల్‌లో తన శాఖవాళ్ల మధ్య జేమ్స్‌కి రెబెకా సెలెక్ పరిచయమైంది. చలాకీ మనిషి. మనసులో మాట దాచుకునే రకం కాదు. అంటే అతను ఎలాంటి ఉత్తరం కోసం ఆరాటపడ్డాడో అలాంటి ఉత్తరం రాయగల మనిషి, పైగా దగ్గర్లో ఉంది. 1856 ఆగస్టులో అతని పట్టా ప్రదానానికి లుక్రీషియా ఒహాయో నుంచి అంత దూరం వచ్చింది. రెబెకా కూడా వచ్చింది. ఆడవాళ్లిద్దరూ మర్యాదగానే మసలుకున్నారు. ఆ రోజు జేమ్స్ టెన్షన్ ఎంతో మనం ఊహించుకోవచ్చు గానీ, జాలిపడాల్సింది అతని మీద కాదు.

చదువైపోయింది, అతను హైరమ్‌కి తిరిగొచ్చి టీచరయ్యాడు, 1857లో ప్రిన్సిపాల్ అయ్యాడు. ఇక దూరం అడ్డంకి కాదు కదా? అయినా పెళ్లి రెండేళ్లు నానింది. రెబెకాతో ఉత్తరాలు సాగుతూనే ఉన్నాయి. లుక్రీషియా క్లీవ్‌ల్యాండ్‌లో ఉద్యోగం చూసుకుంది. ఇప్పుడు దూరం ఆమె ఎంచుకున్నది. సొంత జీతం ఉంది, తన కాళ్ల మీద తను నిలబడింది. కావాలంటే మాట వెనక్కి తీసుకో, నేను అడ్డురానని అతనికి చెప్పింది కూడా. మాటిచ్చి తప్పినవాడన్న పేరు రెండోసారి మోయడం జేమ్స్‌కి ఇష్టం లేదు. ఆమె మీద గౌరవం నిజంగానే ఉంది. ప్రేమ ఉందో లేదో అతనికే తెలియదు. ఈ మూడూ కలిసి 1858 వసంతంలో పెళ్లి నిర్ణయానికి దారితీశాయి. ఆమె రాసిన ఆ చేదు ఉత్తరంలో అతిశయోక్తి లేదు. చాలామంది పైకి అనలేని మాటని ఆమె సూటిగా, పెళ్లికి ముందే రాసి పంపింది. ఆమె చల్లని మనిషి అన్నవాళ్లు ఈ ఉత్తరం చదవాలి.

పెళ్లయ్యాక కూడా వాళ్ల మకాం ఉత్తరాల్లోనే. జేమ్స్ రాష్ట్ర సెనేట్‌కి వెళ్లాడు, తర్వాత అంతర్యుద్ధానికి. పెళ్లయి నాలుగేళ్ల తొమ్మిది నెలలు గడిచాక లుక్రీషియా లెక్క వేస్తే ఇద్దరూ కలిసి ఉన్నది 20 వారాలు కూడా లేదు. ఆ లెక్క అతనికి చూపించింది. 1863 డిసెంబరులో మూడేళ్ల కూతురు చనిపోయింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఒక యువతితో తనకి సంబంధం ఉందని జేమ్స్ భార్య దగ్గర ఒప్పుకున్నాడు. ఆమె క్షమించింది, ఊరికే కాదు, అది ఆగిపోవాలన్న షరతు మీద. అతను కాంగ్రెస్ సభ్యుడయ్యాక వాషింగ్టన్‌లో ఇల్లు తీసుకుని ఒకే కప్పు కింద ఉండటం మొదలయ్యాకే దాంపత్యం కుదుటపడింది. 1867లో ఇద్దరూ కలిసి యూరప్ తిరిగొచ్చారు. ఆ తర్వాతి ఉత్తరాలు చదివితే వీళ్లు వేరే మనుషులేమో అనిపిస్తుంది. ఆమె భయం లేకుండా రాస్తుంది. అతను ఆమె లేకపోతే తోచడం లేదని రాస్తాడు. పక్కపక్కన బతికి మనిషి తెలిశాక గానీ ఉత్తరంలో మనిషి కనిపించలేదు.

1881 జులై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో జేమ్స్‌ని కాల్చారు. సెప్టెంబరు 19న చనిపోయాడు. లుక్రీషియా ఆ తర్వాత 36 ఏళ్లకి పైగా, 1918 దాకా బతికింది. ఒహాయోలోని మెంటర్‌లో ఉన్న ఇంటికి ఒక గ్రంథాలయం కట్టించి, కాగితాలకి నిప్పు అంటుకోని భద్రపు గది ఏర్పాటు చేసింది. మొదటి అధ్యక్షుడి భార్య మార్తా వాషింగ్టన్ తమ మధ్య నడిచిన ఉత్తరాలని కాల్చేసింది. ఒకటీ అరా తప్ప మిగల్లేదు. లుక్రీషియా అలా చేయలేదు. ఇద్దరి మధ్యా నడిచినవి దాదాపు 1,200 ఉత్తరాలు మిగిలాయి. భర్త అనుమానాలు, తన అలకలు, రెబెకా ప్రస్తావనలు దేన్నీ తీసేయలేదు. అవి ఇప్పుడు అమెరికా కాంగ్రెస్ లైబ్రరీలో ఉన్నాయి. న్యూయార్క్ యువతికి రాసినవి మాత్రం దొరకవు. 1867లో జేమ్స్ స్వయంగా వెళ్లి ఆమె దగ్గర నుంచి వాటిని వెనక్కి తెచ్చుకున్నాడు.